కార్డ్‌లెస్ ఆడపడుచు

సోమవారం

ఈయన ఫోను మార్చేశాడు. నన్నొక్క మాట అడగలేదు. పాతదానికేం రోగమొచ్చిందంటే, "దాన్ని పట్టుకుని ఎప్పుడూ ఒకే చోట నిలబడాలి" అన్నాడు. ఉన్నవి రెండు గదులూ ఒక వంటిల్లూ. ఎక్కడ నిలబడ్డా ఒకే చోటు.

(ఇక్కడ 'అన్నాడు', 'చేశాడు' అనే రాస్తాను. ఎదురుగా ఎటూ 'ఏవండీ, మీరు' తప్పదు. డైరీలోనూ మర్యాదలంటే నా వల్ల కాదు.)

దీనికి వైరు లేదు. చేత్తో పట్టుకుని తిరిగేది వేరు, అది కూర్చునే పీట వేరు. ఆ పీటలోనే మాటలు పట్టే మిషను కూడా ఉంది. మనం ఎత్తకపోతే కాసేపు మోగి మోగి అదే ఎత్తుతుంది. "ఇంట్లో ఎవరూ లేరు, చెప్పాల్సింది చెప్పండి" అంటుంది, ఈయన గొంతుతో. తర్వాత కుయ్‌మంటుంది. అవతలివాళ్ళు చెప్పిందంతా దాచిపెట్టుకుని, ఎర్ర లైటు ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంటుంది. హాల్లో ఒక మూల చేరి, అందరి మాటలూ విని, వచ్చాక ఈయనకి ఒప్పజెప్పడమే దాని పని. ఈయనకి అక్కచెల్లెళ్ళు లేరు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ లోటు తీరింది. దానికి 'ఆడపడుచు' అని పేరు పెట్టాను.

ఆ మాట చెబితే నవ్వుతాడనుకున్నాను. "అలాగే" అన్నాడు.

బుధవారం, కళ్ళజోళ్ళ షాపులో

కొనడానికి చెప్పిన కారణం బాగానే ఉంది. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎక్కడ లిఫ్టు ఆగినా వాచ్‌మన్లు ముందు మా ఇంటికే ఫోను చేస్తారు, కంపెనీకి చేస్తే రేపంటారని. బయటికెళ్ళినప్పుడు ఆ కాల్స్ పోకూడదట. సరే, ఒప్పుకున్నాను.

మరి ఇంట్లో ఉన్నప్పుడెందుకు ఎత్తడు?

నిన్న సాయంత్రం ఫోను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఫోను మోగుతోంది. నా చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. "ఏవండీ, ఫోను!" ఉలుకూ పలుకూ లేదు. ఇవతలికొచ్చి ఎదురుగా నిలబడి, "మోగుతోంది కదండీ" అన్నాను. పేపరు దించి దానివంక చూశాడు. "అది చూసుకుంటుందిలే" అన్నాడు.

అంత పని రాక్షసుడు ఇలా అయిపోయాడేమిటి? పెళ్ళయిన కొత్తలో ఒకసారి నన్ను మేడ మీద మోటారు రూముకి తీసుకెళ్ళాడు. స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టుకుని, కళ్ళు మూసుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేశాడు. నన్నూ వినమన్నాడు. నాకు గుర్‌మనడం తప్ప ఏమీ తెలియలేదు. అయినా విన్నట్టు తలూపాను. ఎంత సంతోషపడ్డాడో.

షాపాయన పిలుస్తున్నాడు. ఎవరో ఫ్రేము వంచుకొచ్చారట.

శుక్రవారం

హ్యాండ్‌సెట్ కనపడలేదు. పీట ఖాళీ. పీట మీద ఒక మీట ఉంది, నొక్కితే హ్యాండ్‌సెట్ ఎక్కడున్నా కీచుమని కూస్తుంది. నొక్కాను. సోఫాలోంచి కూస్తోంది. ఈయన ఆనుకున్న దిండు కిందనుంచే. ఈయనేమో లేచి బల్ల కింద, బీరువా మీద, వంటింట్లో వెతుకుతున్నాడు! నేను నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాను. ఏం నటన!

దిండెత్తి చూపించాను. "ఓహో" అన్నాడు, ముఖం ఎర్రబడింది.

అక్కడెందుకు దాచాడు? ఎవరితో మాట్లాడుతున్నాడు?

నేనేం అనుమానపు మనిషిని కాదు. ఊరికే రాసుకుంటున్నాను.

ఆదివారం

ఆడపడుచు ముఖం మీద గీతలు. మాటలు బయటికొచ్చే చోట చిల్లులున్నాయి కదా, అక్కడ. కొత్త మిషను, అప్పుడే ఎవరో గోకినట్టుంది. పక్కనే స్క్రూడ్రైవరు. నిన్న తీసి పెట్టెలో పెట్టాను. ఇవాళ మళ్ళీ అక్కడే ఉంది.

విప్పి చూస్తున్నాడన్నమాట. మాటలు ఎలా చెరిపితే నాకు దొరకవో కనుక్కుంటున్నాడు.

ఇంకోటి. గొంతు తగ్గింది. ఒకప్పుడు వీధి చివర నుంచి పిలిస్తే వంటింట్లో గిన్నెలు మోగేవి. ఇప్పుడు ఎదురుగా కూర్చుని కూడా గుసగుసలాడుతున్నాడు. తప్పు చేసినవాళ్ళ గొంతు అలాగే పడిపోతుంది.

మంగళవారం, షాపులో

ఇవాళ ఈయనకి సెలవు. ఇంట్లోనే ఉంటానన్నాడు. షాపునుంచి ఫోను చేశాను, పని ఏమీ లేదు, ఊరికే. "ఇంట్లో ఎవరూ లేరు." ఆ గొంతు వింటే ఒళ్ళు మండింది. కుయ్‌మన్నాక, "ఏవండీ, నేనే. ఉన్నారని తెలుసు. ఎత్తండి" అన్నాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎవరూ లేరు.

అదే రోజు, ఇంటికొచ్చాక

నిద్రపోయాడట. టీవీ వెనక చెయ్యి పెట్టి చూశాను, కాలుతోంది. నిద్రపోయినవాడు టీవీ చూస్తాడా? ఆన్ చెయ్యగానే అది ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఉలిక్కిపడి ఆపేశాను. కోపంలో ఏ మీట నొక్కానో.

గురువారం

రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

ఇంటికి ముందు నేనే వచ్చాను. ఎర్ర లైటు కొట్టుకుంటోంది. నొక్కాను. ఆడగొంతు. మెత్తగా, చనువుగా. మాట మాట గుర్తుంది:

"నేనండీ. మొన్న మీ కోసం చాలాసేపు చూశాను. రాలేదేం? ఇలా తప్పించుకుంటే ఎలా? భయపడకండి. ముందు ఇంట్లో మీ ఆవిడకి చెప్పేయండి, ఒకసారి చెప్పేస్తే మీకే తేలికవుతుంది. సోమవారం తప్పకుండా రండి, మాట్లాడుకుందాం."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదన్నమాట, గొంతు చాలు.

నేను చెరపలేదు. ఆయనొచ్చాడు. నేను వంటింట్లో ఏమీ తెలియనట్టు ఉన్నాను. లైటు చూశాడు. మిషను ఎత్తి గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకున్నాడు. తలుపు వెనకనుంచి అదే గొంతు. అయిపోయింది, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ. మళ్ళీ. ఒకసారి వింటే ఆశ తీరదా? నా గొంతు ఎప్పుడైనా ఇన్నిసార్లు విన్నాడా?

బయటికొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. "ఎవరండీ ఫోను?" అన్నాను, కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా.

"అలాగే" అన్నాడు.

ఏది అలాగే?

శనివారం

అక్క దగ్గరికి వెళ్ళొచ్చాను. రెండు వీధుల అవతలే కాబట్టి సరిపోయింది, లేకపోతే దారిలోనే ఏడ్చేసేదాన్ని. అక్క ముందు, "మరిదిగారా? నోట్లో నాలుక లేని మనిషి, ఆయనకంత సీనెక్కడిది" అని కొట్టిపారేసింది. మెసేజి అంతా చెప్పాక చేతిలో టీ పక్కన పెట్టేసింది.

"నిలదియ్యి. కానీ నీకు తెలియదన్న సంగతి తెలియనివ్వకు. అంతా తెలిసిపోయినట్టు మాట్లాడు. వాళ్ళే కక్కుతారు."

"ఎదురుగా నాకు నోరు పెగలదక్కా."

"ఆ మిషనుందిగా. దాంట్లో చెప్పు. ఎదురుగా ముఖం ఉండదు, ఏడుపు రాదు."

ఇన్నాళ్ళకి ఆడపడుచు నాకూ పనికొస్తుందేమో.

సోమవారం, షాపులో

చెప్పేశాను. ఆయన ఇంట్లో లేని టైము చూసి చేశాను. కాగితం మీద ముందే రాసుకున్నాను, అదే చదివాను.

"నేనే. నాకంతా తెలిసిపోయింది. ఇంకా ఎన్నాళ్ళు దాస్తారు? ఇన్నేళ్ళు కాపురం చేశాక, నాకు చెప్పాల్సిన మాట బయటివాళ్ళకి చెప్పుకుంటారా? నేనేమైపోవాలి?"

ఆ చివరి మాట కాగితం మీద లేదు. అదే వచ్చేసింది.

మంగళవారం

నిన్న రాత్రి ఆలస్యంగా వచ్చి, పొద్దున్నే వెళ్ళిపోయాడు. నా ముఖం చూడలేదు. సాయంత్రం వచ్చేసరికి లైటు కొట్టుకుంటోంది. ఆయనే, ఏదో మోటారు రొదలోంచి. గొంతు మాత్రం పూర్వంలా గట్టిగా ఉంది.

"నేను. నీకెలా తెలిసిందో గానీ... నేనే చెబుదామనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నానో. నోరు రాలేదు. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా మా ఆఫీసులో. ఉద్యోగం పోతుంది. నీకు నాతో కష్టంగానే ఉంటుంది, తెలుసు. నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా తప్పు పట్టను."

మళ్ళీ నొక్కి విన్నాను.

ఒప్పేసుకున్నాడు.

బుధవారం

మాటలు బంద్.

గురువారం

పలకరించబోయాడు. ముఖం తిప్పుకున్నాను.

శుక్రవారం

గిన్నెలు ఎత్తి పడేశాను, తలుపులు విసిరాను. తల తిప్పి చూస్తేనా! ఎవరి మీద విసురుతున్నానో ఆ మాత్రం తెలియాలిగా.

ఆదివారం

ఈ ఇంట్లో ఫోను మాత్రమే మాట్లాడుతోంది. నేను పనుండి గదిలోకి వెళ్తే ఆయన నా వంకే చూస్తుంటాడు. నా కళ్ళలోకి కాదు, కింద ఎక్కడో. సిగ్గుతో కళ్ళు కలపలేకపోతున్నాడు. నాకేం జాలి లేదు. కొంచెం కూడా లేదు.

చిక్కిపోయాడు.

సోమవారం

సంచి సర్దాను. శనివారం అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. ఎన్నాళ్ళకి వస్తానో, అసలు వస్తానో లేదో తెలియదు. శనివారమే ఎందుకంటే శుక్రవారం వరకూ షాపులో పని ఉంది. అంతే, వేరే ఏ ఆశా లేదు.

అద్దం తీసుకోవాలా వద్దా అని చాలాసేపు దాని ముందే నిలబడ్డాను.

బుధవారం

వాన. బట్టలు ఆరలేదు. ఆయన చొక్కా నేనే తిరగేసి ఆరేశాను. పొరపాటున.

శుక్రవారం

ఇవాళ ఏం జరిగిందో వరసగా రాయాలి. లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

పొద్దున షాపుకి బస్సు డ్రైవరొకాయన వచ్చాడు. లైసెన్సుకి కంటి పరీక్ష కాగితం కావాలన్నాడు. కూర్చోబెట్టాను. చార్టులో పైనుంచి కింద దాకా ఒక్క ఊపిరిలో చదివేశాడు. మరీ గబగబా. అలా చదివినవాళ్ళని నేను వదలను. లేచి వెళ్ళి చార్టు వెనక్కి తిప్పాను, వెనకవైపు వేరే అక్షరాలుంటాయి. "ఇప్పుడు చదవండి" అన్నాను. మళ్ళీ అవే చదివాడు. మొదటివే, అదే వరసలో.

ఇది నాకు కొత్త కాదు. కనపడనివాళ్ళు బయట వరసలో కూర్చుని ముందువాళ్ళు చదివేది బట్టీ పట్టేస్తారు. నేనేం అడగబోతున్నానో ముందే ఊహించి జవాబు సిద్ధంగా పెట్టుకుంటారు. ఇలాంటివాళ్ళని గుమ్మంలోనే పసిగడతానని షాపాయన అందరికీ గొప్పగా చెబుతాడు.

"ఇంట్లో తెలుసా?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. "ఎలా చెప్పమంటారమ్మా? ఏం అడిగినా, కనపడుతోందా అంటే 'ఆఁ' అనేస్తాను. ఇన్నాళ్ళూ గడిచిపోయింది."

ముందు బస్సు పక్కన పెట్టి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెబుతూ, చార్టు మామూలుగా తిప్పుతున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఏం అడిగినా 'ఆఁ'.

ఏం అడిగినా 'అలాగే'.

ఆడపడుచు అని పేరు పెట్టానంటే, అలాగే. ఎవరండీ ఫోను అంటే, అలాగే. దిండు కింద కూస్తుంటే బీరువా మీద వెతికాడు. టీవీ ఇల్లెగిరేలా అరిచింది. ఒక్క మెసేజి అన్నిసార్లు విన్నాడు. గిన్నెలు ఎత్తి పడేస్తే తల తిప్పలేదు. నా కళ్ళలోకి కాక కిందికి చూశాడు, నా నోటి వైపు.

తలనొప్పని షాపాయనకి చెప్పి బయటపడ్డాను. దారంతా పరిగెత్తాననుకుంటాను. మా మెట్ల దగ్గరికి వచ్చేసరికే వినపడింది. ఆడపడుచు గొంతు చించుకుంటోంది. కింది వాటా ఆవిడ తలుపు తీసి, "ఏంటమ్మా ఆ గోల?" అంటోంది. ఏదో వాచ్‌మన్ గొంతు:

"సార్, లిఫ్టు మధ్యలో ఆగిపోయింది సార్! పోస్టాఫీసు వెనక బిల్డింగు. లోపల తల్లీ పాపా ఉన్నారు, పాప గుక్కపట్టి ఏడుస్తోంది. తొందరగా రండి సార్!"

కుయ్. మళ్ళీ మొదటినుంచి. "సార్, లిఫ్టు మధ్యలో..."

తలుపు తీసే ఉంది. ఈయన నేల మీద మోకాళ్ళ మీదున్నాడు. స్క్రూడ్రైవరు మొన మిషను చిల్లులకి ఆనించి, పిడిని చెవి వెనక నొక్కిపెట్టి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చొక్కా అంతా చెమట. పెదాలు కదులుతున్నాయి, విన్న ముక్కలన్నీ కూడగట్టుకుంటున్నట్టు. నేను పిలిచాను. కదల్లేదు. పక్కన కూర్చుని పిలిచాను. ఇంత దగ్గరనుంచి పిలిచినా ఆ మనిషికి నేను వచ్చినట్టే తెలియలేదు.

భుజం పట్టుకున్నాను. అదిరిపడి చూశాడు. తేలు కుట్టిన దొంగ కూడా అలా చూడడు. రెండు చేతులతో ఆయన ముఖం పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. పోస్టాఫీసు. వెనక. బిల్డింగు. తల్లీ, పాపా. లోపల.

నా నోటినే చూస్తూ విన్నాడు. విని, సామాన్ల సంచి అందుకుని పరిగెత్తాడు. వెనకే నేనూ.

ఆ బిల్డింగులో రెండు లిఫ్టులున్నాయి. ఒకటి ఆగిపోయింది, రెండోది తిరుగుతూనే ఉంది. మేడ మీద మోటారు రూములో దాని రొదకి నా మాట నాకే వినపడలేదు. ఈయన బ్రేకు చేత్తో వదులుతూ, చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ లిఫ్టుని కిందికి దింపుతున్నాడు. నేను మెట్ల దగ్గర నిలబడి, కిందనుంచి వాచ్‌మన్ అరిచేది విని ఈయనకి అందించాలి. "ఇంకొంచెం! ఇంకొంచెం!" అని గొంతు పగిలేలా అరిచాను.

ఈయన వెనక్కి తిరగకుండానే, "అరవకు. ఇక్కడ వినపడుతుంది నాకు" అన్నాడు.

మామూలుగా అన్నాను, "ఆపండి, వచ్చేసింది." ఆపాడు. అంత రొదలో, నోటివంక చూడకుండా.

పాప ఏడ్చి ఏడ్చి తల్లి భుజం మీద నిద్రపోయింది. ఏమీ కాలేదు. ఆ తల్లి మాత్రం, "ఇంతసేపా?" అంది. ఈయన దండం పెట్టాడు.

తర్వాత ఆ మెట్ల మీదే కూర్చున్నాం. రొద వినపడేంత దగ్గరలో. అక్కడైతే ఆయనకి సులువట.

"రొద ఉన్నచోట బాగానే ఉంటుంది. మోటారు రూముల్లో అందరికంటే నాకే బాగా వినపడుతుంది. అందుకే పనిలో ఎవరికీ తెలియలేదు. ఇంట్లోనే... మీరంతా నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. ఫోను మరీను. మిషనయితే మళ్ళీ మళ్ళీ వేసుకోవచ్చని కొన్నాను. ఇవాళ ఆ వాచ్‌మన్ చెప్పేది ఎన్నిసార్లు విన్నా బిల్డింగేదో తెలియలేదు. పాప అన్న మాట తెలిసింది, ఎక్కడో తెలియలేదు."

"ఆ ఫోను చేసిన ఆవిడ?"

"చెవుల ఆసుపత్రిలో ఆవిడ. ఆసుపత్రి పేరు మెసేజీలో చెప్పొద్దని నేనే బతిమాలాను."

మెట్టు మీద పెచ్చు గోకుతూ కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదండీ?"

చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "మా నాన్నకీ ఇంతే. అరిచి చెప్పాల్సొస్తుందని ఇంట్లో అందరం మెల్లమెల్లగా ఆయనతో మాట్లాడటం మానేశాం. అందరం నవ్వుతుంటే, 'ఏంటిరా, ఏమంటున్నారు?' అనేవాడు. 'ఏం లేదులే నాన్నా' అనేవాళ్ళం. చచ్చిపోయేదాకా ఆయనకి మేం చెప్పిందల్లా అదే. నీకు తెలిసిపోయిందని మెసేజి పెట్టావు. నేను ఒప్పుకున్న మర్నాటినుంచి మాట మానేశావు. సరే, మొదలైందనుకున్నాను."

నేను ఏడ్చాను. ఆ మెట్ల మీద, వాచ్‌మన్ చూస్తుండగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఈ ప్రపంచంలో నాకు కావలసిన ఒక్క మనిషిని, ఆయన దేనికి అన్నిటికంటే ఎక్కువ భయపడుతున్నాడో సరిగ్గా ఆ శిక్షే వేసి కూర్చోబెట్టాను. ఇన్నాళ్ళూ.

"నాకొక్క మాటివ్వు," అన్నాడు. "ఎన్నిసార్లు అడిగినా విసుక్కో, తిట్టు, ఫర్వాలేదు. 'ఏం లేదులే' అని మాత్రం అనకు."

ఇచ్చాను.

"ఇంతకీ నీకెలా తెలిసింది? అంత ముందే?"

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. "రోజూ నా పని అదే కదండీ, ఇలాంటివాళ్ళని పట్టుకోవడమే" అన్నాను.

ఎంత మెచ్చుకోలుగా చూశాడో.

శనివారం

సంచి విప్పాను. ఆయన చూడకముందే. బట్టలు మడతలు పడ్డాయి.

మంగళవారం

చెవుల ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం. ఆ గొంతు గల ఆవిడకి తలంతా తెల్లగా ఉంది, నాకంటే చాలా పెద్దావిడ. "మీ ఆవిడకి చెప్పేశారన్నమాట, మంచి పని చేశారు" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

లోపల చిన్న ఎముకేదో బిగుసుకుపోయిందట. రొదలో బాగా వినపడటం, మామూలప్పుడు గొంతు తగ్గిపోవడం ఈ జబ్బు లక్షణాలేనట. ఆపరేషనుతో బాగుపడవచ్చు, పడకపోవచ్చు. ఈలోగా చెవికి మిషను పెడతారు. వచ్చే నెల.

నేను మాట మానేసిన విషయం ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడెందుకు ఆ సంగతి? ఆయన ప్రశాంతంగా ఉన్నాడు. ఇలా ఉండడమే మంచిది కదా.

గురువారం

ఆఫీసులో ఈయనే చెప్పేశాడు. ఉద్యోగం పోలేదు. ఇకనుంచి అర్జంటు ఫోన్లు ఇంకొకాయన తీసుకుంటాడట, పని మాత్రం ఇద్దరూ కలిసి చేస్తారట. ఇంటికొచ్చి పిల్లాడిలా రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ విన్నాను.

నాకు ఆ 'ఇప్పుడెందుకు' సరిగా నిద్రపట్టనివ్వడం లేదు. ఏం దాచానని? ఏమీ దాచలేదు. అడగలేదు, చెప్పలేదు.

ఆదివారం

ఆడపడుచు గొంతు మార్చాం. ఈసారి నేను చెప్పాను: "ఇంట్లో మనుషులున్నారు. ఈయనకి సరిగా వినపడదు. మెల్లగా, విడమరిచి, రెండుసార్లు చెప్పండి. వింటారు." నాలుగుసార్లు తప్పులు పోయాయి, ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి 'వినపడదు' దగ్గర తడబడ్డాను. ఈయన స్క్రూడ్రైవరుతో ఒక్కోటీ విని, "ఇది బాలేదు, మళ్ళీ" అంటూ పెద్ద దర్శకుడిలా కూర్చున్నాడు.

తర్వాత సోఫాలో పక్కపక్కన కూర్చున్నాం. కొత్తగా ఒకటి కనిపెట్టాడు. నా దవడకి ఆయన చెవి వెనక ఎముక ఆనిస్తే, నేను మామూలుగా మాట్లాడినా వినపడుతుందట. అలా తల ఆనించి కూర్చుంటే షాపు కబుర్లన్నీ చెప్పాను. డ్రైవరు కంటి ఆపరేషనుకి వెళ్తున్నాడని చెప్పాను.

ఫోను మోగింది. ఆయనకి తెలియలేదు. నాకు లేవబుద్ధి కాలేదు. అది చూసుకుంటుందిలే అనుకున్నాను.

చూసుకుంది. నా గొంతు అయిపోయింది, కుయ్‌మంది, తర్వాత అక్క. మెల్లగా చెప్పమన్నందుకు అక్క మెల్లగా చెప్పలేదు, వీధంతా వినపడేలా చెప్పింది.

"ఏమే! ఉన్నావా? సంచి సర్దుకుని శనివారం వస్తానన్నదానివి రాలేదేం? నిలదీశావా లేదా? ఎవరట ఆవిడ? మరిదిగారు ఇలాంటివాడని నేను కలలో కూడా అనుకోలేదు! ఈ మిషన్లో వినపడదంటావేంటి, వేషాలా? నువ్వు మెత్తబడకు, వచ్చెయ్!"

ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఈయన అది చూసి తలెత్తాడు.

"ఎవరు? ఏమంది?"

మా అక్కేనండీ, ఏం లేదులే.

ఆ మాట నాలుక చివరన ఉంది. ఎంత చిన్న మాట! అనేస్తే అయిపోయేది. ఈయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. మెసేజి చెరిపేస్తే అక్కడితో సరి. ఈయన నా నోటివంకే చూస్తున్నాడు, ఏం వస్తుందోనని, పూర్తి నమ్మకంతో.

లేచి ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. ఒక్కో మాటా విడదీసి చెప్పాను. మా అక్క. మీకు. ఇంకో ఆడమనిషి. ఉందా. అని అడుగుతోంది. ఎందుకంటే. నేనే. చెప్పాను. నేను పెట్టిన. ఆ మెసేజి. చెవుల గురించి కాదు. నాకేమీ తెలియదు. మీరు ఎవరితోనో తిరుగుతున్నారనుకున్నాను. మాట మానేసింది అందుకు. సంచి కూడా సర్దాను.

ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. నుదురు ముడేసి, "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. మొదటిసారి కంటే కష్టంగా ఉంది. చెవుల ఆసుపత్రి ఆవిడనే అనుమానించానని కూడా చెప్పాను.

"ఎవరిని?"

"ఆ తెల్లజుట్టావిడనండీ!"

చెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకి వంగాడు. "ఇంకొక్కసారి. ఆవిడా, నేనూ... ఏమిటి?"

మూడోసారి చెప్పబోతూ చూశాను. భుజాలు కదులుతున్నాయి. పెదాలు బిగబట్టాడు గానీ కళ్ళు ఆగలేదు, నీళ్ళు కారుతున్నాయి. దిండు తీసుకుని కొట్టాను.

మొదటిసారే వినపడిందట. అంతా. అక్క గొంతు కూడా సగం వినపడిందట, ఆ అరుపుకి.

"మరి మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్పించారు?"

"నువ్వలా చెబుతుంటే బాగుంది," అన్నాడు. వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా.

అక్క పెట్టిన ఆ మెసేజిని ఈయన నన్ను చెరపనివ్వడం లేదు.